ఆయాసం తీరే గంట

గోడ గడియారం రెండుంపావు చూపిస్తోంది, అంటే నిజానికి రెండూ ఎనిమిది, దాన్ని ఏడు నిమిషాలు ముందుకు తిప్పి పెట్టింది నాన్న, ఎప్పుడో, ఎందుకో, ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా వెనక్కి తిప్పాలని నాకూ అనిపించలేదు, చెల్లికీ అనిపించలేదు, ఇద్దరం మనసులోనే ఏడు తీసేసుకుంటాం. ఆ ముల్లు మూడుంపావుకు వచ్చేదాకా ఈ బస్సును ముట్టుకోకూడదు. ఇంజను ఆపాను, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను, బ్యాటరీల పెట్టె మూత తెరిచి రెండు చివర్ల కేబుళ్ళూ విప్పి పక్కకు పెట్టాను, ఇక చేసేదేమీ లేదు, కూర్చోవడమే. ఇంజను ఆగీ ఆగగానే మీటరు పెడితే బ్యాటరీ లేని బలం చూపిస్తుంది. పరుగెత్తుకొచ్చిన మనిషికి ఆయాసం తీరకముందే నాడి చూడకూడదు అనేవాడు నాన్న, గంటసేపు వదిలెయ్, నిజం నిలకడ మీద తెలుస్తుంది. ఈ వీధిలో బ్యాటరీల పని చేసే మిగతా షాపులవాళ్ళు ఐదు నిమిషాలు కూడా ఆగరు. మేం గంట ఆగుతాం. అందుకే మా దగ్గరకు వచ్చేవాళ్ళు తక్కువ, వచ్చినవాళ్ళు మాత్రం మళ్ళీ వస్తారు. అయితే ఆగడం నాకు బొత్తిగా చేతకాదు, అది వేరే సంగతి, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ గంట నా ప్రాణం తోడేస్తూనే ఉంది.

ఈ రోజు మరీను. ఈ గంట చివర మీటరులో వచ్చే రెండు అంకెల మీదే చెల్లి షాపుకు తిరిగి వస్తుందా రాదా అన్నది ఉంది. దాని ఏప్రన్ అదిగో, పని బల్ల మీద, నాలుగు మడతలు పెట్టి. కోపంలో కూడా మడత పెట్టే మనిషి అది, నేనైతే విసిరి కొట్టి ఉండేదాన్ని. పొద్దున ఎనిమిదింటికి ఈ బస్సు వచ్చి ఆగింది, బడి పిల్లలకు కళ్ళు పరీక్ష చేసే బస్సు, మేం కంటి బస్సు అంటాం, దాన్ని నడిపే ఆయన్ని నిదానం గారంటాం, ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా మూడో గేరు దాటి ఎరగడని అందులో కళ్ళు చూసే డాక్టరమ్మ ఎగతాళి చేస్తుంది. ఆయన నిదానంగా దిగి, నిదానంగా తలుపు వేసి, "అమ్మా, ఆ ఎర్ర లైటు మళ్ళీ వెలుగుతోంది" అన్నారు. అంతే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంటే ఆ లైటు ఉన్న పెట్టెను నెల కిందట బిగించింది చెల్లి, మొదటి మరనుంచి చివరి మరదాకా తనొక్కతే చేసిన మొదటి పెద్ద పని అది, నేను పక్కన కూర్చుని వేరే బండి చూసుకుంటూ సరే సరే అన్నాను తప్ప వంగి చూడలేదు.

ఆ పెట్టె పేరు కన్వర్టర్. బస్సులో బ్యాటరీలు రెండు, ఒక్కోటి పన్నెండు వోల్టులు, ఒకదాని వెనక ఒకటి కలిపితే ఇరవై నాలుగు, ఇంజను తిరగాలంటే ఆ ఇరవై నాలుగూ కావాలి. కొత్తగా వచ్చిన కంటి యంత్రానికేమో పన్నెండు చాలు. కన్వర్టర్ రెండిటి దగ్గరా సమానంగా తీసుకుని పన్నెండు చేసి ఇస్తుంది, ఒకరి మీదే బరువు పడకుండా. వచ్చే కరెంటు తగ్గిపోతే దాని మొహం మీద కందిగింజంత ఎర్ర లైటు వెలుగుతుంది. ఇంజను ఆపి డాక్టరమ్మ పిల్లల కళ్ళు చూస్తుంటే పది నిమిషాలకల్లా అది వెలిగి కూర్చుంటోందట, యంత్రం ఆగిపోతోందట, పిల్లలు గడ్డం ఆనించి అలాగే కళ్ళు తెరుచుకుని ఉండిపోతున్నారట. రేపు పొద్దున బస్సు ఇంకో బడికి వెళ్ళాలి.

"చూశావా, నీ పనే ఇది. పెట్టి నెల తిరగలేదు. సన్న తీగ లాగేసి ఉంటావు," అన్నాను, నిదానం గారు పక్కనే ఉండగా, పక్క టైరు షాపతను కూడా తొంగి చూస్తుండగా.

"లెక్క చూసే లాగానక్కా. తీగ సరిపోతుంది."

"అయితే ఆ లైటు ముచ్చటపడి వెలుగుతోందా?"

అది ఇంకో మాట అనబోయింది. నోరు తెరిచింది కూడా, నాకు బాగా గుర్తు. నిదానం గారి వైపు ఒకసారి చూసి మళ్ళీ మూసుకుంది. ఏప్రన్ విప్పి, మడిచి, పని బల్ల మీద పెట్టి, "గంట ఆగి చూడక్కా. రెండు బ్యాటరీలూ ఒక్కలా దిగిపోయి ఉంటే తప్పు నా పనిదే, ఇంక నేను షాపుకి రాను. ఫోన్ చేసి అంకెలు చెప్పు, చాలు," అని వెళ్ళిపోయింది. మాట న్యాయమైందే. దాని కన్వర్టరో దాని తీగలో తినేస్తుంటే రెండూ సమంగా దిగుతాయి. ఒకటి బాగుండి ఒకటే దిగితే తినేది వేరే ఏదో, ఆ ఒక్కదాన్నే పట్టుకుని తింటోంది. బస్సుకు పొద్దున బడి ఉంది కాబట్టి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది, అప్పటికి నా కోపం సగం దిగింది, కానీ దిగిన కోపం ఎవరికి కావాలి, చెల్లి ఇంటికి వెళ్ళిపోయాక.

రెండున్నర, అంటే రెండూ ఇరవై మూడు. నిదానం గారు బస్సు మెట్టు మీద కూర్చుని నిన్నటి పేపరు చదువుతున్నారు, నిన్నటిది నిన్న పూర్తి కాలేదట. టైరు షాపులో గాలి పట్టే యంత్రం కాసేపు మొత్తుకుని ఆగింది. నా ప్యాంటు మీద మోకాలి దగ్గర చిల్లులు, యాసిడ్ చుక్కలు పడ్డచోట ముందు ఏమీ కనిపించదు, రెండుసార్లు ఉతికాక బట్ట అక్కడ రాలిపోతుంది, అమ్మ బతికున్నప్పుడు మా ముగ్గురి బట్టలూ విడిగా ఉతికేది, మిగతావాటికి అంటుతుందేమోనని, మీ ముగ్గురికీ బట్టలు కొనేకంటే జల్లెడలు కొనడం మేలు అనేది. ముగ్గురంటే నాన్న, నేను, చెల్లి. నాకూ దానికీ పన్నెండేళ్ళ తేడా. ఒక్క బ్యాటరీ అంత తేడా అని నాన్న హాస్యం, ఇద్దరూ కలిస్తేనే బండి కదులుతుందని కూడా అనేవాడు, ఆయన హాస్యాలన్నీ ఇలాంటివే. నాకు జడ వేసుకోవడం ఆయనే నేర్పాడు, తీగలు మెలివేయడం నేర్పుతూ, మూడు పాయలు సమంగా లాగు, ఒకటి వదులైతే మిగతా రెండూ తెగుతాయి. దానికి మాత్రం జడ వెయ్యడం నేనే నేర్పాను. పనీ నేనే నేర్పాను. తిట్లూ నేనే పెట్టాను. అన్నీ వచ్చేశాయి దానికి, తిట్లు తప్ప.

టేపు చుట్టడం ఒక్కటే నా దగ్గర నేర్చుకోలేదు. నాన్న జాయింటు చేసి నల్ల టేపు చుట్టి చివర అరంగుళం వెనక్కి మడిచేవాడు, చిన్న చెవిలాగా, గోటితో అందుకునేలా. ఎందుకు నాన్నా అంటే, తర్వాత విప్పేవాడికి మర్యాద అన్నాడు. రేపు ఎవడో చీకట్లో వంగి కొస కోసం గోకుతూ మనల్ని తిట్టుకోకుండా. ఈ వీధిలో ఇంకెవరూ అలా మడవరు. చెల్లి టేపే వాడదు, వేడి చేస్తే బిగుసుకునే గొట్టాలు వేస్తుంది, శుభ్రంగా ఉంటుంది, ఒప్పుకోవాలి. కాబట్టి ఆయన తర్వాత ఆ మడత నాదొక్కదానిదే. కిందటేడాది ఎవరిదో లారీలో ఒక మడత దొరికితే గంటసేపు దాన్ని విప్పబుద్ధి కాలేదు, నాన్నదో నాదో తేల్చుకోలేక.

తలనొప్పిగా ఉంది. ముట్టుకోకూడదన్నారు గాని ఎక్కి కూర్చోకూడదని ఎవరూ అనలేదు. నిదానం గారు మెట్టు మీద కొంచెం జరిగారు, లోపలికి వెళ్ళాను. ఎదురుగా అక్షరాల పలక, పైన పెద్దవి, కిందికి పోను పోను చిన్నవి, చివరి వరుస నాకు ఇప్పుడు చీమల బారు. పిల్లలు వంతు కోసం కూర్చునే చిన్న బల్ల, వాళ్ళ మోకాళ్ళ ఎత్తున మాత్రమే రంగు పోయింది. ఆ బల్ల మీద కూర్చుంటే నా మోకాళ్ళు గడ్డానికి వచ్చాయి. పైన చిన్న ఫ్యాను, బూడిదరంగు రెక్కలు, ఒక రెక్క అంచున పిల్లలెవరో అంటించిన బొమ్మ. మంచి ఫ్యానే. ఇంజను ఆగినా తిరుగుతుంది, పిల్లలకు చల్లగా ఉండాలిగా. దానికి కొంచెం కింద కన్వర్టరు, చెల్లి పని, మరలన్నీ ఒకే దిక్కుకు నిలబడి ఉన్నాయి, తీగలు గోడ వెంట గీత గీసినట్టు దిగిపోతున్నాయి. చక్కగా ఉంది. నెల కిందటే చెప్పాల్సిన మాట. అప్పుడు చెప్పి ఉంటే ఏం పోయేది, నా నోటి ముత్యాలు రాలిపోతాయా. తిట్టడానికైతే ఊపిరి ఆడనంత తొందర, మెచ్చుకోవడానికి ముహూర్తం కావాలి నాకు.

ఇందాక మూత తెరిచినప్పుడు నిదానం గారు ఏదో అన్నారు. ఏమన్నారు? నీళ్ళు. అవును. "ఎడమది నీళ్ళు తాగుతూనే ఉంటుందమ్మా, ఎన్ని పోసినా చాలవు. కుడిది పాపం అసలు అడగదు." ఎండలు కదండీ, అంతే, అన్నాను, మర విప్పుతూ, వినకుండా. ఎండ ఎడమ పక్కనే కాస్తుందా? ఇద్దరూ ఒకే పెట్టెలో పక్కపక్కన కూర్చుంటే ఒకళ్ళకే దాహం ఎలా వేస్తుంది? ఎక్కువ చార్జి ఎక్కించుకుంటున్న బ్యాటరీ మరిగి నీళ్ళు తాగుతుంది. ఎప్పుడూ తక్కువగా ఉండిపోయేది అడగదు. నాన్న ఈ మాట నాకు చెప్పేటప్పటికి నాకు పద్దెనిమిది, చెల్లికి నేను చెప్పేటప్పటికి దానికీ పద్దెనిమిదే. ఇంజను రెండిటికీ కలిపి ఎక్కిస్తుంది, చార్జింగులో మొత్తం ఇరవై ఎనిమిది వోల్టులు కనిపిస్తే అది చాలనుకుంటుంది, ఎవరి పళ్ళెంలో ఎంత పడిందో దానికి పట్టదు. కుడిదాన్ని ఎవరో విడిగా తింటున్నారు. ఎవరు? ఈ బస్సులో పన్నెండు వోల్టులతో పనిచేసేది కంటి యంత్రం, అది కన్వర్టరు మీద ఉంది, ఇంకా...

తల పైకెత్తాను. ఫ్యాను. ఆ ఫ్యాను కన్వర్టరు రాకముందునుంచీ ఉంది. అప్పుడు పన్నెండు ఎక్కడిది దానికి? రెండు బ్యాటరీల మధ్యలోంచి తీయాలి, ఇంకో దారి లేదు. మధ్యలోంచి తీస్తే బరువంతా ఒక్కదాని మీదే పడుతుంది, అలా తీయకూడదు. నాన్న మా ఇద్దరికీ మొట్టమొదట చెప్పింది అదే, అక్షరాలకంటే ముందు. ఏ బుద్ధి తక్కువ మనిషి తీసింది, అని నోటిదాకా వచ్చింది, తిట్టు కూడా తయారుగా ఉంది, వాడి పేరొక్కటే తెలియాలి.

పేరు తెలుసు నాకు. ఆ రోజు కూడా ఎండే. షాపులో నేనొక్కదాన్నే, చెల్లి ఆసుపత్రిలో నాన్న మంచం పక్కన. ఇదే బస్సు, ఇదే నిదానం గారు, జుట్టు మాత్రం నల్లగా ఉంది, మనిషి మొదటిసారి పరుగెత్తుకు రావడం చూశాను, లోపల ఉక్కకి ఒక పాప కళ్ళు తిరిగి పడిపోయిందమ్మా, ఈ ఫ్యాను తగిలించు, మధ్యాహ్నం ఇంకో నలభై మంది పిల్లలున్నారు. ఫ్యాను చేతిలో ఉంది, దారిలో కొనుక్కొచ్చారు. అప్పుడే ఫోను, చెల్లి, "అక్కా, వచ్చెయ్యి." అంతే అంది. పది నిమిషాలు అన్నాను. పది నిమిషాల్లో మంచి దారి కుదరదు, చెడ్డ దారి కుదురుతుంది. బ్యాటరీల పెట్టె వెనక చెయ్యి దూర్చి రెండు బ్యాటరీలనూ కలిపే కేబులు మీద తొడుగు కోసి, తీగ మెలివేసి, టేపు చుట్టి, రేపొచ్చి సరిగ్గా చేస్తానండీ అని, చేతులు కూడా కడుక్కోకుండా వెళ్ళాను. నేను వెళ్ళేసరికి అయిపోయింది. అక్క ఏది అని అడిగాడట. పనిలో ఉంది నాన్నా అందట ఇది. ఏ బండి? కంటి బస్సు. అయితే రానీ, తొందర పెట్టకు, అన్నాడట. ఆ మాట దగ్గర నేను ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలియదు, కానీ ఆ బండికి ఏం చేశానో మాత్రం ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆ రోజు మీద నేనే మూత వేసి బిగించేశాను. ఆ రేపు రాలేదు. ఆ తర్వాత ఈ బస్సుకు ఎన్ని బ్యాటరీలు మార్చానో, ఏడాదికో జత, ఈ రోజుల్లో సరుకు అలా తగలడిందండీ అని కంపెనీలన్నిటినీ తిట్టి పోశాను. పైనున్న మరలు విప్పడం బిగించడమే, కిందికి ఎవరు వంగుతారు? లైటు లేదు కాబట్టి జబ్బు లేదనుకున్నాం. చెల్లి లైటున్న పెట్టె తెచ్చి పెట్టింది, అది తొమ్మిదేళ్ళ తప్పును నెలలో పట్టేసింది, నేను లైటునూ చెల్లినీ కలిపి తిట్టాను. గురివింద గింజ సామెత పిల్లలకు చెబుతుంటారు, నలభై ఆరేళ్ళ వాళ్ళకు చెప్పాలి.

మూడు. రెండూ యాభై మూడు. ఇంకోటి కూడా గుర్తొస్తోంది, వద్దన్నా వస్తోంది. నెల కిందట చెల్లి ఈ బ్యాటరీల పెట్టె కింద పడుకుని తీగ లాగుతూ, కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి, "అక్కా, ఇక్కడ పాత తీగ ఒకటుంది. తీసి కన్వర్టరు మీదికి మార్చనా?" అంది. నేను తల తిప్పలేదు. "పాత తీగ ముట్టుకోకు. నీ పని నువ్వు చూసుకో." షాపులో అదొక సూత్రం, ఎవరో చేసిన పనిని అడక్కుండా కదపకూడదని. అది అడిగింది. అడిగాక కూడా నేను చూడలేదు.

బస్సు దిగి బ్యాటరీల పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చాను. ముట్టుకోకూడదు, తెలుసు, వేలి కొసతో మాత్రమే. కేబులు, మట్టి, నూనె జిడ్డు, ఉబ్బెత్తుగా జాయింటు, దాని చివర చిన్న చెవి. అరంగుళం మడత. తర్వాత విప్పేవాడికి మర్యాద.

కత్తెర ఎడమ జేబులో ఉంది. ఒక్క కోత, తీగ లోపలికి తోసేస్తే, కుడి బ్యాటరీ ముసలిదైపోయిందండీ అంటే అయిపోతుంది, నిదానం గారు నమ్ముతారు, చెల్లికీ తప్పు నీది కాదు, బ్యాటరీది అని చెబితే అదీ తిరిగి వస్తుంది, నేనూ అక్కగానే ఉంటాను, ఎవరి పరువూ పోదు. ఈ ఆలోచన రావడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపు జేబులో చెయ్యి ఉంచాను. నిజంగా ఉంచాను. ఏడు నిమిషాలు ముందుండే గడియారం కింద ఇద్దరం పెరిగాం, నా మాటలోంచి ఎంత తీసేయాలో దానికీ తెలుసు, చెయ్యి బయటికి తీశాను.

మూడుంపావు. గంట నిండింది, అయినా అసలు మూడుంపావుకు ఇంకో ఏడు నిమిషాలుంది, ఆ ఏడూ కూడా కూర్చున్నాను. అప్పుడు మీటరు తీసి ఎడమదానికి పెట్టి చూశాను, కుడిదానికి పెట్టి చూశాను, మళ్ళీ ఎడమదానికి. ఫోను తీశాను. ఒక్క మోతకే ఎత్తింది.

"ఎంత?"

"ఎడమది పన్నెండు పాయింట్ తొమ్మిది. కుడిది పదకొండు పాయింట్ ఎనిమిది."

మీటరు జేబులో వేసుకున్నాను.

"నీ పనిలో తప్పు లేదే," అన్నాను. "మధ్యలోంచి తీసింది నేను. ఆ ఫ్యానుకి. నాన్న పోయిన రోజు."

"తెలుసక్కా. టేపు మడత చూశాను."

"ఎప్పుడు?"

"కన్వర్టరు పెట్టిన రోజే."

"మరి పొద్దున నేనన్ని మాటలంటుంటే చెప్పొచ్చుగా, పిచ్చిదానా!"

"నిదానం గారి ముందా?"

ఫోను అలాగే పట్టుకుని, స్పీకరు నొక్కి, మెట్టు దగ్గరికి నడిచాను. టైరు షాపతను కూడా అక్కడే ఉన్నాడు, మంచిదే, పొద్దున ఉన్నవాళ్ళందరూ ఉన్నారు. "నిదానం గారూ, పొద్దున మా చెల్లిని ఊరికే తిట్టాను. తప్పు నాది. ఆ ఫ్యాను నేను తప్పుగా తగిలించాను, తొమ్మిదేళ్ళ కింద. మీ బ్యాటరీలన్నీ దానివల్లే పోయాయి. చెల్లి పని బంగారంలా ఉంది," అన్నాను.

ఆయన పేపరు మడిచారు. నిదానంగా మడిచారు. "ఆ రోజు నుంచి మళ్ళీ ఏ పాపా కళ్ళు తిరిగి పడలేదమ్మా," అన్నారు.

ఫోనులో చెల్లి ముక్కు ఎగబీల్చడం వినిపించింది. తర్వాత దాని పని గొంతు, నేనే నేర్పిన గొంతు. "అక్కా, ఫ్యాను కన్వర్టరు మీదికి మారుద్దాం, గంట పని. కుడి బ్యాటరీ చార్జింగుకి పెట్టాలి. నేను బయల్దేరాను, దార్లో ఉన్నాను. నేనొచ్చేదాకా ఆ పాత తీగ ముట్టుకోకు."

"ముట్టుకోను," అన్నాను. పని బల్ల మీది ఏప్రన్ తీసి, దాని మడతలు చెడకుండా ఒళ్ళో పెట్టుకుని, స్టూలు మీద కూర్చున్నాను.